జోగారావు ఫాగ్ లైట్లు

చింతపల్లి జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే జోగారావుకు మూడేళ్ళుగా ఒకటే దిగులు. గురువు గారు తనకు అధికారం ఇవ్వడం లేదు.

అధికారమంటే పదవీ కాదు, పెత్తనమూ కాదు. ముత్యాలయ్య గారిది సంసారుల గురుపరంపర. కాషాయం లేదు, ఆశ్రమం లేదు, హుండీ అసలే లేదు. ఏడాదికోసారి మార్గశిర పౌర్ణమి నాడు నర్సీపట్నంలో ఒక పాత బియ్యం మిల్లు షెడ్డులో శిష్యులంతా కలుస్తారు. ఆ రోజు గురువు తనకు తోస్తే ఎవరో ఒకరిని పిలిచి, తన చాప మీద పక్కన కూర్చోబెట్టుకుని, "ఇకనుంచి ఈయన కూడా చెబుతాడు" అంటారు. అంతే. ఆ మాట పడ్డవాడు తన ఊళ్ళో ఉపదేశం చెయ్యొచ్చు. పడనివాడు ఎంత చదువుకున్నా ఇంకా వినేవాడే.

ఆ బృందంలో జోగారావు చదివినంత ఇంకెవరూ చదవలేదు. ఇందులో దాచేదేమీ లేదు, ఆయనే ఒప్పుకుంటాడు.

నిరుడు సభలో మాట్లాడే అవకాశం వచ్చింది. ఎరుక అంటే ఏమిటి, మరుపు అంటే ఏమిటి, ఆ రెంటికీ మధ్య ఉన్నదేమిటి అని మొదలుపెట్టి గంటన్నర చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. విన్నవాళ్ళు తలలూపారు, చివర్లో చేతులెత్తి దణ్ణం పెట్టారు, విస్తళ్ళ దగ్గరికి నడిచారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. గురువు గారు "బాగుంది" అన్నారు. చాప మీదికి మాత్రం పిలవలేదు.

అంతటితో పోయిందా అంటే లేదు. చింతపల్లిలో ఆయన వరండాలో గురువారం గురువారం కూర్చునేవాళ్ళు పదకొండు మంది ఉండేవారు. దసరా వెళ్ళేసరికి ముగ్గురయ్యారు. ఆ ముగ్గురిలో ఒకరు ఆయన భార్య సుగుణ.

"వీళ్ళకి ఆ స్థాయి లేదు సుగుణా," అన్నాడాయన ఒకరోజు. "ఎంత వెలుగు చూపించినా చూసే కళ్ళుండాలి."

"కళ్ళున్నాయండీ వాళ్ళకి. పాపం ఆకలి కూడా ఉంది. మొన్న మీరు రాత్రి పదిన్నర దాకా వదల్లేదు."

చెప్పేవాడికి వినేవాడు లోకువని మనవాళ్ళు ఊరికే అనలేదు. జోగారావు భార్య మాట విన్నాడు, పట్టించుకోలేదు.

ఇలా ఉండగా ఈ ఏడు మార్గశిరం వచ్చింది. ముత్యాలయ్య గారు ఏటా బస్సులోనే నర్సీపట్నం వెళ్ళేవారు. ఈసారి కబురు పంపారు: "నన్ను నీ కారులో తీసుకెళ్ళగలవా?"

జోగారావుకు కాళ్ళు నేల మీద ఆగలేదు. గురువు పక్క సీటులో కూర్చుని తనతో ప్రయాణం చేసి, సభ దగ్గర దిగాక చాప మీద పక్కన కూర్చోబెట్టుకోకుండా ఉంటారా? ఆయన లెక్క ఆయన వేసేసుకున్నాడు.

తొమ్మిది గంటలకల్లా సభలో ఉండాలంటే చీకటి ఉండగానే బయల్దేరాలి. ఆ వేళకు లంబసింగి దాటాక ఘాటీలో, ఆ కొండ దిగే దారిలో, మంచు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళు, చాపిన చేతికి వేళ్ళు కనపడవనుకుంటే చాలు. అందుకని జోగారావు కారుకు ఫాగ్ లైట్లు పెట్టాలనుకున్నాడు. మెకానిక్కు ఇవ్వలేదు. వైరింగు మనకు రాదా ఏమిటని నర్సీపట్నంలో సామాను కొని తెచ్చుకుని, ఆదివారం పొద్దున్న ఇంటి ముందు కారు నిలబెట్టి, బోనెట్టు ఎత్తాడు.

ముత్యాలయ్య గారి ఇల్లు రెండు వీధుల అవతల. అటుగా నడుచుకుంటూ వచ్చి, సుగుణ వేసిన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నారు.

"ఏటి సేస్తన్నావు?"

"ఫాగ్ లైట్లండి. మిమ్మల్ని తీసుకెళ్ళాలి కదా. మంచులో దారి కనపడాలి."

"మంచిదే."

ఇక్కడొక సంగతి చెప్పాలి. ముత్యాలయ్య గారు గురువు కాకముందూ డ్రైవరే, అయ్యాకా డ్రైవరే. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఘాటీలోనే బస్సు నడిపి, ఎనిమిదేళ్ళ కిందట రిటైరయ్యారు. ఆ మలుపుల్లో ఆయన చూసిన మంచు చింతపల్లిలో ఇంకెవరూ చూసి ఉండరు. ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని జోగారావు మంచులో వెలుతురు ఎలా పనిచేస్తుందో వివరించడం మొదలుపెట్టాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

"ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసెయ్యాలండి. లేకపోతే ఎక్కడైనా తగిలి షార్ట్ అవుతుంది."

"ఆహా."

"ఈ నల్లడబ్బాని రిలే అంటారు. లైట్లకు కరెంటు నేరుగా స్విచ్చి గుండా పోతే స్విచ్చి మాడిపోతుందండి. స్విచ్చి రిలేకి చెబుతుంది, రిలే లైట్లకి ఇస్తుంది."

"అలాగా."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన ఎన్ని రిలేలు మార్చి ఉంటారో దేవుడికే తెలియాలి. టీ గ్లాసు పట్టుకుని బుద్ధిగా విన్నారు.

పని మాత్రం జోగారావు శుభ్రంగా చేశాడు, అబద్ధమెందుకు. బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు పెట్టాడు. వైరుకు ముడతల గొట్టం తొడిగాడు, వేడి తగలకుండా ఇంజనుకు ఎడంగా నడిపించాడు, ప్రతి మూరకీ ఒక కట్టు వేశాడు. స్టీరింగు కింద ఉన్న రబ్బరు బిరడాకు చిల్లుపెట్టి వైరును లోపలికి లాగాడు. స్విచ్చిని చేతికి అందేచోట బిగించాడు. చూసినవాడెవడూ వంక పెట్టలేడు.

బంపరుకు కిందవైపు, ఎడమా కుడీ, రెండు గుండ్రటి గూళ్ళున్నాయి. కారు చేసినవాళ్ళే ఫాగ్ లైట్ల కోసం వదిలి, ప్లాస్టిక్ మూతలు పెట్టారు. ముత్యాలయ్య గారు కూర్చున్నచోటి నుంచే వాటిని చూపించారు.

"ఇక్కడ గూళ్ళున్నాయి కదేటి?"

"అవి మరీ కిందండి. మోకాలెత్తు కూడా లేవు. అక్కడ పెడితే ఎవరికి కనపడతాయండీ?"

గురువు గారు ఆ గూళ్ళకేసి ఇంకోసారి చూశారు. టీ అయిపోయింది, గ్లాసు కింద పెట్టారు.

జోగారావు ముందుగానే వెల్డింగు షాపులో ఒక ఇనుప బద్ద చేయించి ఉంచాడు. దాన్ని నంబరు ప్లేటుకు పైన, దాదాపు బోనెట్టు అంచున బిగించి, దాని మీద రెండు లైట్లూ కూర్చోబెట్టాడు. తెల్లటివి, చిన్న పళ్ళెమంతేసి, ఆ కొట్లో అంతకంటే పెద్దవి లేవు. కొట్టతను పసుపు రంగువి తీసుకోమంటే, మంచు బిందువు సైజు ఎంత, వెలుతురు అల పొడవెంత, రంగుతో పని ఎందుకు ఉండదో వాడికి పది నిమిషాలు పాఠం చెప్పి మరీ తెల్లవి తెచ్చాడు. పుస్తకం ప్రకారం ఆ చెప్పింది తప్పు కూడా కాదు. అయితే లైట్లు ఎక్కడ పెట్టాలి, ఎటు చూపించాలి అన్న దగ్గర పుస్తకం పక్కకు వెళ్ళి, మనిషి ముందుకొచ్చాడు.

"కొంచెం పైకి ఎత్తి పెడుతున్నానండి," అన్నాడు నట్లు బిగిస్తూ. "వెలుతురు దూరం పోవాలి కదా."

"పది నెంబరు స్పానరు ఇటుంది, తీసుకో," అన్నారు గురువు గారు.

సాయంత్రం చీకటి పడుతుండగా స్విచ్చి వేశాడు. వీధి వీధంతా తెల్లబడింది. ఎదురింటి డాబా మీది నీళ్ళ ట్యాంకు మీద పేరు కూడా చదవొచ్చు. డాబా మీద బట్టలు తీస్తున్నాయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "అదిరాయి మాస్టారూ!" అని అరిచాడు. అటు పోతున్నవాళ్ళు ఆగి చూశారు. పిల్లలు ఆ వెలుతుర్లో గెంతారు. జోగారావు ముఖం కూడా ఆ లైట్లకు తీసిపోలేదు.

పౌర్ణమి రోజు పొద్దున్న అయిదున్నరకు బయల్దేరారు. సుగుణ పులిహోర డబ్బా వెనక సీట్లో పెట్టింది. అమ్మాయికి పరీక్షలని తను ఆగిపోయింది. గురువు గారు ముందు సీట్లో కూర్చుని, శాలువా చెవుల దాకా చుట్టుకున్నారు.

లంబసింగి దాకా బాగానే ఉంది. రోడ్డు పక్క చలిమంటలు, టీ బడ్డీలు, మంచు చూడ్డానికి వచ్చి దుప్పట్లు కప్పుకుని ఫోటోలు దిగుతున్న జనం. అది దాటి ఘాటీ దిగడం మొదలైంది. రెండో మలుపులో మంచు ఎదురొచ్చింది.

"చూడండి గురువు గారూ," అని జోగారావు స్విచ్చి వేశాడు.

కారు ముందు తెల్లటి గోడ లేచింది.

రోడ్డు లేదు, అంచు లేదు, చెట్టు లేదు. ఉన్నదంతా తెలుపు, అదీ కళ్ళలోకి. స్విచ్చి ఆపితే మసక చీకటి, వేస్తే గోడ. ఎందుకలా అవుతోందో ఆయనకు తెలియదా? ఎత్తు మీది వెలుతురు మంచుకు తగిలి తన కళ్ళలోకే తిరిగి వస్తోంది. ఇంటర్ పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పగలడు. కానీ ఆదివారమంతా అంత చెప్పి, ఇప్పుడు గురువు పక్కన కూర్చుని "పని చెయ్యలేదండీ" అనడానికి నోరు రాలేదు. లైట్లు అలాగే ఉంచి, స్టీరింగు గట్టిగా పట్టుకుని, అంచనా మీద దించుతున్నాడు. గురువు గారు పక్క అద్దంలోంచి బయటికి చూస్తున్నారు.

నాలుగో మలుపు తిరుగుతుంటే ఆ గోడలోంచి ఒక హారను, దాని వెనకే ఒక కేక. కుడివైపు ఏదో ధడేల్మని పడింది.

జోగారావు బ్రేకు తొక్కాడు. పై ప్రాణాలు పైనే పోయాయి.

కొండవైపు కాలవలో మోటారు సైకిలు పక్కకు ఒరిగి ఉంది. ఒక మనిషి మోకాలు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. ఆయన భార్య పాలక్యాను నిలబెట్టడానికి చూస్తోంది. మూత ఊడిపోయి సగం పాలు తారు మీద పారుతున్నాయి. ఇద్దరూ లంబసింగిలో టీ బడ్డీ పెట్టుకున్నవాళ్ళు. పొద్దున్నే పాలు తీసుకుని కింద ఊరి నుంచి ఎక్కి వస్తున్నారు.

భయం కోపంగా మారడానికి ఎంతసేపో పట్టదు. జోగారావు దిగుతూనే అరిచాడు.

"ఏమయ్యా, మలుపులో ఎలా రావాలో తెలీదా? ఇంత వెలుతురేసుకుని వస్తుంటే కారు కనపడలేదా నీకు? చూపు లేనివాడివి బండెందుకు నడుపుతావు?"

ఆ మనిషి తలెత్తి చూశాడు. చూసింది జోగారావును కాదు, జోగారావు ఉన్నాడనుకున్న వైపు. ఇంకా కళ్ళు నులుముకుంటున్నాడు.

ముత్యాలయ్య గారు దిగారు. ముందు ఒక చెట్టుకొమ్మ విరిచి, కారు వెనక ఇరవై అడుగుల దూరంలో రోడ్డు మీద పడేసి వచ్చారు. బండి ఆగిందని వెనక వచ్చేవాళ్ళకు తెలియాలంటే ఘాటీలో అదే గుర్తు. తర్వాత శాలువా తీసి, దాని కొసతో ఆ మనిషి మోకాలు తుడిచారు. దోక్కుపోయింది గానీ ఎముకకేమీ కాలేదు.

"నీ పేరేటి నాయనా?"

"కొండబాబండి."

"లెగగలవా?"

"లెగగలనండి. బండి బాగానే ఉన్నట్టుంది."

ముగ్గురూ కలిసి బండిని పైకి లాగారు. జోగారావు కూడా ఒక చెయ్యి వేశాడు. ఇంకా విసురుగానే ఉన్నాడు.

అప్పుడు ముత్యాలయ్య గారు ఆయన వైపు తిరిగారు.

"జోగారావూ, నువ్వు ఆ కింద మలుపు దాకా నడిసెళ్ళు. అక్కణ్ణించి ఎనక్కి రా."

"ఎందుకండీ?"

"ఈ కొండబాబు ఎటు పక్కనించి వచ్చేడో అటు పక్కనే రా."

చెప్పి, డ్రైవరు సీట్లో కూర్చున్నారు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ చేతులు మళ్ళీ ఆ ఘాటీలో స్టీరింగు మీద పడ్డాయి. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

జోగారావు నడిచాడు. వెళ్ళేటప్పుడు వెలుతురు వీపు మీద పడుతోంది. ఆయన నీడ మంచు మీద తాటిచెట్టంత పొడుగ్గా లేచి ముందు నడుస్తోంది. నీడ తప్ప ముందేమీ కనపడలేదు. ముప్పై అడుగులు వేశాక మలుపు వచ్చిందని కాలికి తెలిసింది. రోడ్డు దాటి కొండవైపుకు వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

రెండు తెల్లటి మంటలు కళ్ళలో గుచ్చుకున్నాయి.

చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి కూడా అవే. కిందికి చూస్తే తన కాళ్ళు లేవు. ఇప్పుడే నడిచొచ్చిన రోడ్డు ఎటు పోయిందో తెలియదు. కారు ఎంత దూరంలో ఉందో, ఆగి ఉందో కదులుతోందో కూడా చెప్పలేడు. ఆగే ఉందని తనకు తెలుసు కాబట్టి తెలుసు, అంతే. తెలియనివాడి సంగతేమిటి?

నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగుకు కింద నేల లేదు. ఎడమకాలు కాలవలోకి మోకాలి దాకా దిగింది. నీళ్ళు సూదుల్లా ఉన్నాయి. దాన్ని లాగబోయి రాయికి కొట్టుకున్నాడు. ఎటు తూలితే ఏమవుతుందో తెలియక అక్కడే బిగుసుకుపోయి నిలబడ్డాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, ఎమ్మెస్సీ చదివినవాడు, ముప్పై అడుగుల దూరంలో గురువును పెట్టుకుని, ఒక్క అడుగు ఎటు వెయ్యాలో తెలియని పిల్లాడయ్యాడు.

"బాబూ, కాలవలో దిగిపోయేరా?" మంచులోంచి కొండబాబు గొంతు.

"అవునయ్యా. ఏమీ కనపడట్లేదు."

"ఆ లైట్లకేసి సూడకండి. నా గొంతు ఇనపడతందా?"

"వినపడుతోంది."

"ముందు ఎడం సెయ్యి సాపండి. గట్టు తగుల్తాది. తగిలిందా?"

"తగిలింది."

"దాన్నట్టుకుని లెగండి. ఇప్పుడొక అడుగు, నాకేసి. సాలు. ఇంకొకటి."

కాసేపటి కిందట చూపు లేదని తాను తిట్టిన మనిషి ఒక్కొక్క అడుగూ చెబుతున్నాడు. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. ఒక అడుగు వేశాకే రెండో అడుగు సంగతి ఎత్తాడు. జోగారావు ఆ గొంతు వెంబడే కారు దాకా వచ్చాడు. బోనెట్టు చేతికి తగిలాక గాని ఊపిరి వదల్లేదు.

ముత్యాలయ్య గారు స్విచ్చి ఆపారు.

చీకటి పడ్డట్టయింది. కళ్ళు సర్దుకున్నాక ఒక్కొక్కరే కనిపించారు. ముందు పాలక్యాను పట్టుకుని నిలబడ్డ కొండబాబు భార్య, తర్వాత చెయ్యి చాపి ఇంకా నిలబడే ఉన్న కొండబాబు. చివరికి కారులో గురువు గారు.

"ఏటి కనిపించింది?" అని అడిగారు.

జోగారావుకు సిగ్గు తల నుంచి పాదాల దాకా దిగింది. ఆ సిగ్గు కొండబాబును తిట్టినందుకే కాదు.

"లైట్లు కనిపించాయండి," అన్నాడు. "దారి కనపడలేదు."

గురువు గారు తల ఊపారు. కారు అరలోంచి పది నెంబరు స్పానరు తీసి చేతికిచ్చారు.

"దించు."

జోగారావు తడి ప్యాంటుతోనే రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నట్లు వదులు చేశాడు. వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నాయి. అంత ఎత్తున ఉన్న బద్దను ఇప్పుడు మార్చడం కుదరదు. లైట్ల ముఖాలు కిందికి వంచాడు. చాలదనిపించి ఇంకా వంచాడు. ఎదురొచ్చేవాడి కాళ్ళ దాకా తప్ప వెలుతురు పైకి లేవకుండా చేసి, బిగించాడు. ఈసారి తాను సీట్లో కూర్చోలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడి, "వెయ్యండి గురువు గారూ," అన్నాడు.

వెలుతురు మంచు కిందగా జారి తారు మీద పడింది. ముప్పై నలభై అడుగులు, అంతకంటే లేదు. కానీ ఆ మేరకు రోడ్డు ఉంది.

"అదిగో, గీత అవుపడతంది!" అంది కొండబాబు భార్య. రోడ్డు అంచున తెల్లగీత, దాని పక్కన కాలవ, కాలవ గట్టు మీద జోగారావు కాలు జారిన మట్టి.

జోగారావు కొండబాబు దగ్గరికి వెళ్ళాడు.

"తప్పంతా నాదేనయ్యా. అనరాని మాటన్నాను."

"ఊరుకోండి బాబూ, బయానికి అందరం అంటాం," అన్నాడు కొండబాబు. "పాలు సగం ఉన్నాయి. మజ్జానం దాకా సరిపోతాయి లెండి."

బండి స్టార్టయింది. వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయేదాకా జోగారావు అక్కడే నిలబడ్డాడు. ముత్యాలయ్య గారు వెళ్ళి రోడ్డు మీది చెట్టుకొమ్మ తీసి పక్కన పడేశారు.

మిగతా ఘాటీ అంతా జోగారావు ఆ తెల్లగీత వెంబడే మెల్లగా కారు దించాడు.

నర్సీపట్నం చేరేసరికి పదిన్నర. మిల్లు షెడ్డు నిండిపోయింది. నూట యాభై మంది పైనే ఉంటారు. ముత్యాలయ్య గారు నేరుగా వెళ్ళి చాప మీద కూర్చున్నారు. ఈ ఏడు జోగారావుకేనని తోటి శిష్యులందరికీ తెలుసు. గురువు ఆయన కారులోనే వచ్చారాయె. ముందు వరసలో ఆయనకు చోటు ఉంచి, చేతులూపి పిలిచారు కూడా.

జోగారావు వెళ్ళలేదు. షెడ్డు చివర, పాత బస్తాలు పరిచి కూర్చున్న వరసలో, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఆ వరస నుంచి చూస్తే గురువు గారు బొటనవేలంత ఉన్నారు. పాట వినపడుతోంది గాని మాట వినపడడం లేదు. ఇన్నేళ్ళలో తాను ఎప్పుడూ ఇక్కడ కూర్చోలేదని ఆయనకు అప్పుడు తెలిసింది.

పక్కన గవరయ్య అని ఒక ముసలాయన. అనకాపల్లి వైపు పల్లెలో బెల్లం వండుతాడు. ప్రతి ఏడూ వస్తాడు, మాట్లాడగా ఎవరూ చూడలేదు. మాస్టారు వచ్చి పక్కన కూర్చునేసరికి కంగారుపడి కాళ్ళు ముడుచుకున్నాడు.

"గవరయ్య గారూ, నిరుడు నేను మాట్లాడాను కదా. అందులో మీకు ఏం అర్థమయిందండీ?"

గవరయ్య ఇటూ అటూ చూశాడు. తప్పించుకునే దారి లేదు.

"మీ గొంతు బాగుంటాదండి, బాబూ," అన్నాడు.

అంత మాట పడ్డాక మనిషి కోపంతో లేచిపోవాలి, లేకపోతే నవ్వాలి. జోగారావుకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు. ఆయన నవ్వడం చూసి గవరయ్య కూడా నవ్వాడు, కాళ్ళు మళ్ళీ చాపుకున్నాడు.

"పోనీ, మీరు ఇక్కడికి ఏం అడుగుదామని వస్తారండీ ఏటా?"

ఆ ప్రశ్న గవరయ్యను ఇంతవరకు ఎవరూ అడగలేదు. కాసేపు తల గోక్కున్నాడు.

"ఏటుంది బాబూ, సిన్న సంగతే. పెనం మీద పాకం ముదిరిపోయిందంటే నాకు ఒళ్ళు తెలీదు. మా కొడుకు పక్కనుంటే ఆడి మీద సెయ్యి సేసుకుంటాను. ఆడికి పెళ్ళయింది, పిల్లలున్నారు. ఆ పిల్లల ముందరే కొడతాను. తరవాత రాత్రంతా ఏడుపొస్తాది. పొద్దున్న మళ్ళీ అంతే. ఇది పోవాలంటే ఏటి సెయ్యాలని అడుగుదామని."

జోగారావు దగ్గర దీనికి చాలా ఉంది. క్రోధం ఎక్కడ పుడుతుంది, ఎన్ని మెట్లు ఎక్కుతుంది, ఎరుక తప్పడమంటే ఏమిటి. నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నీ అక్కడే ఆపాడు.

"చెయ్యి లేవడానికి ముందు మీకు ఏమవుతుందండీ?"

"ముందంటే?"

"కొట్టకముందు. ఒంట్లో ఎక్కడైనా తెలుస్తుందా?"

గవరయ్య కళ్ళు మూసుకున్నాడు. పెనం దగ్గరికి వెళ్ళి వచ్చినట్టున్నాడు.

"దవడ బిగుస్తాదండి," అన్నాడు మెల్లగా. "పళ్ళు కొరుకుతాను. అవును. ముందు అదే."

"ఈసారి దవడ బిగిసినప్పుడు, బిగిసిందని చూసుకోండి. కొట్టొద్దని నేను అనను. ముందు అది చూసుకోండి చాలు. పై ఏడు వచ్చి నాకు చెప్పండి, దాని తర్వాత సంగతి అప్పుడు మాట్లాడుకుందాం."

"అంతేనా బాబూ?"

"అంతేనండి. ఇప్పటికి."

గవరయ్య తన దవడ మీద చెయ్యి వేసుకుని తడిమి చూసుకున్నాడు. అటు పక్క కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు ఎప్పటి నుంచి వింటున్నారో, దగ్గరికి జరిగారు. ఒకావిడ ఏదో అడగాలని నోరు తెరిచింది.

అప్పుడు షెడ్డులో పాట ఆగిపోయి ఉందని, అందరూ మౌనంగా ఉన్నారని జోగారావు గమనించాడు. గురువు గారు చాప మీద నుంచి వెనక వరస వైపే చూస్తున్నారు.

"జోగారావేడీ?" అన్నారు, కనపడుతున్నా.

"ఇక్కడున్నానండి."

ముందు వరసల వాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని చాప దాకా దారి ఇచ్చారు. మూడేళ్ళుగా ఎదురుచూసిన దారి అది. జోగారావు బురద అంటిన ప్యాంటు దులుపుకుని లేవబోయాడు.

ముత్యాలయ్య గారు అరచెయ్యి చూపించారు.

"లెగకు. అక్కడే కూకుని సెప్పు."

ముందు కూర్చున్నవాళ్ళంతా వెనక్కి తిరిగి కూర్చోవలసి వచ్చింది.